ఓమా మూగగా ఉన్న నెల

బొమ్మకు లేనివి

కువైట్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనికి పోబోయే ఆడపిల్లలు అప్పుడప్పుడు రాయచోటిలో మా ఇంటికి వస్తుంటారు. ఏం నేర్చుకుని పోవాలని అడుగుతారు. కొందరు ఎక్కడో శిక్షణ తీసుకున్న కాగితం చూపిస్తారు. అక్కడ ప్లాస్టిక్ బొమ్మను పక్కకు తిప్పడం, మూతి తుడవడం, పక్కగుడ్డ మార్చడం నేర్పుతారట. మంచిదే. కానీ ఆ బొమ్మకు సిగ్గు లేదు, కోపం లేదు, పాత భయాలు లేవు. మనం పట్టుకోబోయే మనిషికి ఇవన్నీ ఉంటాయి.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఏ పరుపు ఎవరిదో తెలియడానికి గుడ్డ మూల మీద బొగ్గుతో పేర్లు రాసేవాడు. ఆ పేర్లే నాకు ఓనమాలు. మిగతా అక్షరాలు మా అమ్మ ఇంట్లో నేర్పింది. ఆ కాస్త చదువుతోనే ఇది రాస్తున్నాను. రాయనిచ్చిన అల్లాకు వేయి షుక్రులు.

నా మొదటి ఇల్లు ఒక కువైటీ కుటుంబానిది. వాళ్ళ ముసలి అత్తకు ఒక పక్క పడిపోయింది. నేను వచ్చిన రెండో రోజు ఆమెను చంకల కింద పట్టి లేపి కుర్చీలో వేశాను. ఆ ఇంటి మామా, అక్కడ యజమానురాలిని అలాగే పిలవాలి, గడపలో నిలబడి చూసింది. "గోధుమల మూట ఎత్తుతున్నావా? నీ చెయ్యి వస్తోందని ముందు ఆమెకు చెప్పు. వద్దంటే ఆగు" అంది. నాకు అప్పుడు చిన్నతనంగా అనిపించింది. ఈ పనికి అంతకు మించిన పాఠం నాకు ఇంకెవరూ చెప్పలేదు. అయినా నేను దాన్ని మరిచిపోయిన నెల ఒకటుంది. దాని గురించే చెబుతాను.

అడవి కొట్టి కట్టుకున్న ఊరు

నా రెండో ఇల్లు ఫింటాస్‌లో, సముద్రం రోడ్డు మీద, రెండో అంతస్తు. సారు జర్మనీ ఇంజినీరు. మేడం తల్లిని అందరూ ఓమా అనేవారు, అంటే వాళ్ళ మాటలో అవ్వ, జేజి అని. ఎనభై ఏళ్ళ మనిషి. తుంటి విరిగి అతుక్కుంది కానీ కర్ర లేకుండా నడవలేదు. నా పని ఆమెను చూసుకోవడమే.

ఓమా జర్మనీలో పుట్టలేదు. ఆమె తాతకు తండ్రి జర్మనీలో ఒక కొండ పల్లె నుంచి ఓడెక్కి బ్రెజిల్ దేశానికి పోయాడట. దక్షిణాన అడవి కొట్టి ఊరు కట్టుకున్నారు. అడవిలో ఒకటే బాట, ఆ బాట పొడవునా ఇళ్ళు. ఒక్కొక్క ఇంటికి ఒక సన్నటి భూమి పట్టె, కింద వాగు నుంచి పైన కొండ నెత్తి వరకు. రొట్టెల పొయ్యి ఇంటి బయట, శనివారం శనివారం కాల్చాలి. గుడి వాళ్ళే కట్టుకున్నారు, బడి వాళ్ళే పెట్టుకున్నారు. నూరేళ్ళు దాటినా ఇంట్లో ఆ కొండ పల్లె మాటే మాట్లాడుకున్నారు.

ఓమాకు ఇంగ్లీషు రాదు, అరబ్బీ రాదు. కాబట్టి నేనే ఆమె మాట నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట నీళ్ళు, ఉప్పు, నొప్పి. తర్వాత తిట్లు. ఏడాది తిరిగేసరికి ఇద్దరం దాంట్లోనే గొడవ పడేవాళ్ళం. సారు మా మాటలు విని నవ్వేవాడు. "మస్తానమ్మా, జర్మనీలో ఇప్పుడెవరూ ఇలా మాట్లాడరు. మా ముత్తవ్వ మళ్ళీ లేచొచ్చినట్టుంది" అనేవాడు.

ఓమా దగ్గర ఒక ఈకల బొంత ఉండేది. ఆమె పెళ్ళికి వాళ్ళమ్మ కుట్టింది. చలికాలంలో ఊళ్ళో ఆడవాళ్ళు ఒక ఇంట్లో చేరి, తలుపులు మూసుకుని, బాతు ఈకల కాడల నుంచి మెత్తటి నూగు దూసి కుప్ప పోసేవారట. ఆ గదిలో ఎవరూ తుమ్మకూడదు, గట్టిగా నవ్వకూడదు. ఇంకొకటి, పొద్దున్నే బొంతను కిటికీ మీద వేలాడదీసి గాలికి, ఎండకు ఆరబెట్టాలి. ఆరబెట్టని ఇంటి కోడలికి ఆ ఊళ్ళో మంచి పేరు ఉండదు. కువైట్ ఎండలో బొంత ఎందుకని మీరు అడగవచ్చు. ఓమా గదిలో ఏసీ ఎంత చల్లగా పెట్టేవారో మీకు తెలియదు.

ఆ ఆచారం నాకు భలే నచ్చింది. పరుపుకు ఎండ తగలకపోతే మనిషి ఒళ్ళు బాగుండదని మా నాన్న కూడా అనేవాడు. నాలుగేళ్ళు, ఒక్క రోజు మానకుండా, ఫజర్ నమాజు చేసుకుని, టీ పెట్టి, బొంతను కిటికీ మీద వేశాను.

బొంత ఆరేసిన పొద్దు

1990 ఆగస్టులో సారు, మేడం సెలవు మీద జర్మనీ పోయి ఉన్నారు. మేమిద్దరమే ఉన్నాం. ఒక గురువారం తెల్లవారుతూనే పెద్ద చప్పుళ్ళు వినిపించాయి. ఇరాక్ సైన్యం వచ్చేసింది. రెండు మూడు రోజుల్లో మా కిటికీ ఎదురుగా ఇసకలో గుంతలు తవ్వి, సంచులు పేర్చి సైనికులు కూర్చున్నారు. పై దేశాలకు ఫోన్లు తెగిపోయాయి. ఓమా పాస్‌పోర్టు ఇఖామా కోసం, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం కోసం, సారు ఆఫీసులో ఉంది. ఆ ఆఫీసును మొదటి వారంలోనే దోచుకున్నారు.

కింద అంతస్తు వాళ్ళ డ్రైవరు రెడ్డెయ్య. మా రాయచోటి దగ్గరి మనిషే. వాళ్ళ యజమానులు సౌదీకి పారిపోతే ఇంటికి కాపలా ఉన్నాడు. రొట్టె, పప్పు, బ్యాటరీలు అతనే తెచ్చిచ్చేవాడు. వార్తలూ అతనివే.

"అక్కా, అమెరికా, ఇంగ్లండు, జర్మనీ వాళ్ళంతా హోటళ్ళ కాడికి వచ్చి అప్పజెప్పుకోవాలంట. ఈళ్ళను బాంబులు పడే తావుల్లో పెడతారంట. దాచిపెట్టినోళ్ళకు ఉరి అని చెప్తాండారు."

"మా ఓమాది బ్రెజిల్ కదా రెడ్డెయ్యా?"

"కాగితం ఉండాదా?"

"లేదు."

"మాట ఏం మాట?"

"జర్మనీ మాట."

"ఇంగేమి మరి. బ్రెజిలని ఆ తుపాకికి చెప్తావా?"

ఆ రోజే తలుపు మీది పేరు పలక తీసేశాను. తెరలు వేశాను. రేడియో చెవికి ఆనించుకుని విన్నాను. ఓమాతో, "మాట్లాడొద్దు. గోడలకు అవతల మనుషులున్నారు. నేను చెప్పేదాకా ఒక్క మాట బయటికి రాకూడదు" అన్నాను. ఆమె నా ముఖం చాలాసేపు చూసి తల ఊపింది. ఆమె వింది కదా అని నాకు ధైర్యం వచ్చింది. ఏం విందో నాకు తెలియదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న మనిషిని, మర్నాడు పొద్దున నమాజు చేసుకున్నాను, టీ పెట్టాను, కిటికీ తెరిచి బొంతను బయటికి వేలాడదీశాను. నా చేతులు చేశాయి, నా బుర్రకు తెలియనే తెలియదు. కువైట్‌లో, ఆగస్టులో, సముద్రం రోడ్డు మీద, తెల్లటి ఈకల బొంత. ఆ రోడ్డులో అలాంటిది ఇంకే ఇంటి కిటికీ మీదా ఉండదు.

గంట తర్వాత రెడ్డెయ్య ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏందక్కా నువ్వు చేసింది? జెండా ఎగరేసినావు కదా. ఆడ సైనికులు చేతులు చూపించుకోని నవ్వుకుంటాండారు."

లోపలికి లాగేసరికే కింద బూట్ల చప్పుడు వినబడింది. రెడ్డెయ్య వంటగదిలోకి పోయి గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. ఇద్దరు సైనికులు వచ్చారు. ఒకడు వయసు మళ్ళినవాడు, ఇంకొకడి తుపాకికి కత్తి ఉంది. బొంత ఎవరిదని అడిగారు. నాదేనని చెప్పాను. మా నాన్న పరుపులు కుట్టేవాడని, పరుపులు ఎండలో పెట్టడం మా అలవాటని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. అందులో అబద్ధం ఒక్క మాటే ఉంది.

"ఈ ఎండలో ఇది కప్పుకుంటావా?" అని పెద్దాయన నవ్వాడు. రెండోవాడు నవ్వలేదు, గదిలోకి పోయాడు. ఓమా మంచం మీద నా నల్ల చున్నీ తలకు చుట్టుకుని కూర్చుని ఉంది.

"ఎవరు?"

"పెద్ద మామా. జబ్బు మనిషి. మాట రాదు."

అతను ఆమెను పేరు అడిగాడు. రెండుసార్లు అడిగాడు. ఓమా నోరు సగం తెరిచి, గొంతులోంచి ఒక మూగ శబ్దం చేసింది. అచ్చం పుట్టుమూగలా ఉంది. అప్పుడతను బొంతలో ఏదో దాచామనుకుని కత్తితో నిలువునా చీల్చాడు. గదినిండా ఈకలు లేచాయి. యాభై ఏళ్ళకు పైగా దాచుకున్న, తల్లి కుట్టిన బొంత. ఓమా పెదవి కూడా కదపలేదు. ఈకలు తల మీద, ఒడిలో పడుతుంటే గోడ వైపు చూస్తూ కూర్చుంది.

ఏమీ దొరకలేదు. "అధికారి వస్తాడు, ఆయనకు చెప్పుకోండి" అని పోయారు.

రెడ్డెయ్య బయటికొచ్చి, ముక్కు మీద ఈక తీసుకుంటూ, "ముసలమ్మ నటన నాకు గూడా రాదక్కా" అన్నాడు. అది నటన కాదని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

మూగతనం

వాళ్ళు పోయాక, "అయిపోయింది ఓమా, ఇప్పుడు మెల్లగా మాట్లాడొచ్చు" అన్నాను. ఆమె మాట్లాడలేదు. మర్నాడూ లేదు. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపించేది, తుంటి నొప్పి అయితే నా చెయ్యి తీసి అక్కడ పెట్టుకునేది.

అప్పుడు గుర్తొచ్చింది, ఒకసారి రొట్టె పిండి కలుపుతూ ఆమె చెప్పిన సంగతి. రెండో పెద్ద యుద్ధం నడుస్తున్నప్పుడు బ్రెజిల్‌లో జర్మనీ మాట బయట వినిపించకూడదని ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో వాళ్ళకు ఇంకో భాష సరిగా రాదు. ఓమా భర్త అంగడిలో మేకులు అడగబోయి నోరు జారితే పోలీసులు పట్టుకుపోయారు. తిరిగి వచ్చాడు కానీ ఆ తర్వాత ఇంట్లో కూడా గుసగుసగానే మాట్లాడేవాడట. కీర్తనల పుస్తకాన్ని రేకు డబ్బాలో పెట్టి బాతుల కొట్టంలో పాతిపెట్టారు. ఆడవాళ్ళు అంగడిలో వేలు పెట్టి చూపించి సరుకులు తెచ్చుకున్నారు. మేడం అప్పుడు చంటిపాప. ఓమా ఆమెకు గొంతు లేకుండా, పెదాలతోనే జోల పాడేదట. యుద్ధం ముగిశాక కూడా చాలాకాలం అలవాటు పోలేదని చెప్పి, పిండి మీద ఒక దెబ్బ వేసింది.

నేను "మాట్లాడొద్దు" అన్నది ఆ మనిషితో.

ఇంకో మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా మీ కోసం రాస్తాను. ఆమె మూగగా ఉంటే నాకు పని తేలికైంది. ఎదురు చెప్పదు. ఏం వండినా వద్దనదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటుంది. అన్నీ నేనే తేల్చేసేదాన్ని. మెట్ల మీద ప్రతి అడుగుకూ తలుపు దగ్గరికి పరిగెత్తేదాన్ని, ఆ అధికారి ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని. ఆ భయంలో ఆమె ముద్దలు తగ్గిపోతున్న సంగతి ఆలస్యంగా చూశాను. చేతి మణికట్టు నా రెండు వేళ్ళలో పట్టేటంత సన్నబడింది.

మన దేశంవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియా నుంచి మనవాళ్ళు బస్సులు మాట్లాడుకుని బస్రా మీదుగా జోర్డాన్ పోతున్నారని రెడ్డెయ్య చెప్పాడు.

"మన పక్కోళ్ళు నలభైమంది పోతాండారు. నువ్వూ రా అక్కా."

"ఈమెను?"

"ఈమె పేరు మీద నిన్ను ఉరేస్తారు. మీ ఊళ్ళో నీకోసం ఎవరూ లేరా?"

"ఉన్నారు."

"మరి?"

"నువ్వు పో నాయనా" అన్నాను.

"పోతాలే. నాకేం బుద్ధి లేకనా ఉండేది" అన్నాడు. మర్నాడు రొట్టెలు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఎందుకు పోలేదని నేను అడగలేదు. అలాంటి మనిషిని నాకు దగ్గరలో ఉంచినందుకు ఇప్పటికీ ప్రతి నమాజులో అతని పేరు తలుచుకుంటాను.

ఆ అధికారి రాలేదు కానీ, ఆగస్టు చివర రేడియోలో కొత్త మాట వచ్చింది. ఆ దేశాల ఆడవాళ్ళను, పిల్లలను పంపించేస్తారట. నమ్మాలా? అందరినీ బయటికి రప్పించే ఎత్తు అయితే? రెండు రోజులు ఆలోచించాను. రెడ్డెయ్య పోయి చూసి వచ్చాడు. ఒక హోటల్ ముందు నుంచి బస్సులు నిజంగానే బయల్దేరుతున్నాయి. పంపుదామని నేనే తేల్చాను. ఆ రెండు రోజుల్లో ఓమాను ఒక్క మాట అడగలేదు.

బస్సు దగ్గర

దారిలో తనిఖీలుంటాయని ఓమాకు నా అబాయా తొడిగాను. ముఖానికి నల్ల ముసుగు, చేతులకు తొడుగులు వేశాను. రెడ్డెయ్య కారు నడిపాడు. రెండు చోట్ల ఆపారు. "పెద్ద మామా, డాక్టరు దగ్గరికి" అన్నాను. లోపలికి తొంగి చూసి పొమ్మన్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

హోటల్ ముందు రెండు బస్సులు ఆగి ఉన్నాయి. ఆడవాళ్ళు, పిల్లలు ఎక్కుతున్నారు. బల్ల దగ్గర జాబితా పట్టుకున్న ఇరాకీ గుమాస్తా, వెనక తుపాకులు.

"పాస్‌పోర్టు?"

"పోయింది. జర్మనీ ఆమె."

అతను ఓమాను కింది నుంచి పైదాకా చూశాడు. "జర్మనీ ఆమె అబాయాలో వచ్చిందా? ఎవరి కళ్ళకు గంతలు కడుతున్నావు? ఈమె కువైటీ. ఎవరో పెద్దింటి ముసలమ్మను దొంగతనంగా దాటిస్తున్నావు."

నేను ముసుగు తీశాను. తెల్లటి ముఖం, నీలి కళ్ళు. అతను అదీ లెక్క చేయలేదు.

"బస్రాలో మా మేనత్త కళ్ళు కూడా ఇలాగే ఉంటాయి. జర్మనీ ఆమె అయితే మాట్లాడమను."

ఓమా నోరు తెరవలేదు. బస్సు దగ్గరున్న ఒక జర్మనీ ఆవిడ చూసి దిగి వచ్చింది. గబగబా ఏదో అడిగింది. ఓమా గోడ వైపు చూసినట్టు ఆమెను చూసింది. చుట్టూ యూనిఫాంలు ఉన్నాయి కదా. ఆ ఆవిడ నా వైపు తిరిగి, తనకు తెలియదన్నట్టు చేతులు తిప్పింది.

"ఖలాస్. పక్కకు తీసుకెళ్ళండి. ఇద్దరినీ" అన్నాడు గుమాస్తా.

డ్రైవరు ఇంజను వేశాడు. ఒక సైనికుడు ఓమా మోచెయ్యి పట్టుకున్నాడు. మూగదని చెప్పింది నేను, మూగగా ఉండమన్నది నేను, అబాయా తొడిగింది నేను. నేను కట్టిన కట్లలోనే ఆమె ఇరుక్కుని నిలబడి ఉంది.

నేను ఆమె ముందుకు పోయి, రెండు చేతులూ పట్టుకుని, ఆమె మాటలోనే, గట్టిగా, అందరికీ వినబడేటట్టు అన్నాను:

"ఓమా, నీ నోరు నేను కట్టేశాను. తప్పు నాది. నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఈ బస్సు నీ కూతురి దగ్గరికి పోతుంది. పోతావా, నాతో ఉంటావా? నువ్వు ఏదంటే అది."

ఆ జర్మనీ ఆవిడ నోరు తెరిచి నన్ను చూసింది. చున్నీ కట్టుకున్న రాయచోటి మనిషి నోట్లోంచి వాళ్ళ అవ్వల కాలం నాటి మాట. ఒకావిడకు నవ్వు ఆగలేదు.

ఓమా నా వైపు చూసింది. గొంతు సవరించుకుంది. ఇన్ని రోజుల తర్వాత ఆ గొంతు తుప్పు పట్టిన గొళ్ళెంలా వచ్చింది.

"పోతాను. ముందు ఈ నల్లగుడ్డ తీయి, ఉడికిపోతున్నాను. ఈ మనిషికి నా పేరు రాసుకోవడానికి ఎంతసేపు కావాలి? నా తుంటి లాగుతోంది."

గుమాస్తా, "ఏమంటోంది?" అని అడిగాడు. ఆ జర్మనీ ఆవిడ ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పింది, ఎంతసేపు అన్నది కూడా. అతను తల వంచుకుని జాబితాలో రాశాడు.

నేను అబాయా తీశాను. ఓమా మెట్లు ఎక్కలేకపోతే ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకున్నారు. ఒకావిడ చంకల కింద చెయ్యి వేయబోతే ఓమా ఆపి, ఎలా పట్టుకోవాలో ఆమెకు చెప్పింది. ఆవిడ ఏ ఊరి నుంచి వచ్చిందో అడిగింది. ఆవిడ ఏదో పేరు చెబితే, ఆ ఊరు తన తాతకు తండ్రి ఓడెక్కిన పల్లెకు ఎంత దూరమో అడిగింది.

ఆమె క్షేమంగా చేరిందని ఆ తర్వాత మేడం రాయచోటికి ఉత్తరం రాసింది. నేనూ రెడ్డెయ్యా వారం తర్వాత మనవాళ్ళ బస్సులో జోర్డాన్ దారి పట్టాం. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పూట నాకు కనిపించింది ఇంతే: ఓమా కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. నేను చెయ్యి ఊపాను. ఆమె నా వైపు తిరగలేదు. పక్కావిడతో చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది, ఆగకుండా మాట్లాడుతోంది. మలుపు తిరిగేదాకా ఆ పెదాలు కదులుతూనే ఉన్నాయి. నేను రోడ్డు మీద నిలబడి చూశాను, కడుపు నిండా షుక్ర్ చేసుకున్నాను.